డాల్వా తెడ్డు చప్పుడు

తుకానో పాయ
14 మార్చి 2004

అమ్మాయ్ మర్లూసీ,

దేవుడు నిన్ను దీవించుగాక. ఎప్పుడూ నువ్వు దీవెన అడిగాక కదా నేను ఇచ్చేది, ఈసారి అడగకముందే ఇచ్చేస్తున్నాను. ఎందుకంటే ఈ ఉత్తరం మొదలుపెట్టింది నేను, అదీ కోపంతో. దీవెన పని అయిపోతే తిట్టడానికి తీరుబడిగా ఉంటుంది. మీ అమ్మ, నా పిచ్చి చెల్లెలు, బతికుంటే ఈ తిట్లు తనే తిట్టేది.

ముందు క్షేమ సమాచారం. వానలకి ఏరు మన గుంజల ఇంటి చెక్క నేల దాకా వచ్చింది. రాత్రి పడుకున్న ఊయలలోంచి చెయ్యి జారితే తడుస్తోంది. రొయ్యలు బాగానే పడుతున్నాయి. అసాయీ పళ్ళు మాత్రం ఈ ఏడు పలచన. చిలక ఇంకా మీ డాల్వా అత్తయ్య గొంతుతోనే నన్ను పిలుస్తోంది, ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా.

ఇక అసలు సంగతి. మొన్న రేవు మెట్ల మీద కూర్చుని రొయ్యల బుట్ట ఎత్తుతున్నాను. బ్రెవెస్ వెళ్ళే పెద్ద పడవ వస్తోంది. పైకప్పు మీద స్పీకర్లు, అందులో ఆడపిల్ల గొంతు. ఎక్కడో విన్న గొంతేనే అనుకునేలోగా తెలిసిపోయింది, నీ గొంతు! నీ గొంతులో నా వరస! చేతిలో బుట్ట నీళ్ళలో పడిపోయింది. ఆ పాట పాయ అవతల అడవికి తగిలి మళ్ళీ ఇటు వచ్చింది. నాకు ఒళ్ళంతా జలదరించింది. ఈ పాయలో పుట్టి, ఈ పాయ మీదే పెరిగి, దీనికి ఇంత గొంతు ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆ సంతోషం పడవ మలుపు తిరిగేదాకే. నీ పాట మీద ఎవడో పోకిరీ గొంతు చించుకుంటున్నాడు. "పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే సిర్లేనేకి నమస్కారం! ఐసు ఫ్యాక్టరీ కుర్రాళ్ళకి పొరొరోకా నమస్కారం!" ఏమిటా అప్రాచ్యం? గుడిలో ఫాదరు ప్రసంగం చేస్తుంటే మధ్యలో చేపల బేరం ఆడినట్టుంది. పైగా రేవు కొట్లో నీ బొమ్మ వేసిన డిస్కులు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్ముతున్నారు. "ఎవరిచ్చారయ్యా నీకివి?" అంటే, "ఎవరైతేనేం పెద్దాయనా, పాట బాగుంది కదా" అని పళ్ళికిలించాడు.

నిన్ను పట్టపగలు దోచుకుంటున్నారు తల్లీ. అక్కడ బెలెంలో నీకు తెలుసో లేదో. వెంటనే జవాబు రాయి.

మీ మావయ్య,
అన్సెల్మో


జురూనాస్, బెలెం
2 ఏప్రిల్ 2004

మావయ్యా, దీవించు.

నీ ఉత్తరం, మన ఉత్తరాలు చేరవేసే డోనా జిల్దా పడవ వంటింట్లోంచి చేపల పులుసు వాసనతో సహా వచ్చింది. ఆవిడ పడవ ఇంజను పాడై నాలుగు రోజులు ఆగిపోయిందట, అందుకే ఈ ఆలస్యం. బట్టల కొట్లో గుడ్డ కొలుస్తూ బల్ల చాటున చదివాను. నవ్వు ఆపుకోలేక మీటరు గుడ్డ మీటరున్నర కత్తిరించాను. యజమాని చూపు ఇంకా నా వీపు మీదే ఉంది.

మావయ్యా, నన్నెవరూ దోచుకోలేదు. ఆ పాట పంచింది నేనే!

మా పద్ధతి చెబుతాను, నవ్వకు. క్లేబెర్ అని మా వీధి కుర్రాడు. వాడి పడగ్గదే మా స్టూడియో. గోడలకి పరుపులు ఆనించి, వంటింట్లో ఫ్రిజ్ ఆపేసి పాడతాం, లేకపోతే అది మధ్యలో గురక పెడుతుంది. పాట అయ్యాక వేరొపేజో సంతకి వెళ్ళి బండ్లవాళ్ళకీ, సైకిలుకి స్పీకరు కట్టుకుని తిరిగేవాళ్ళకీ ఇచ్చేస్తాం. "అన్నా, కొత్త పాట. ఎన్ని కాపీలు కావాలంటే అన్ని కొట్టుకో." అంతే. వాళ్ళు నాకేమీ ఇవ్వరు, నేనూ అడగను. పాట ఊరు తిరుగుతుంది. ఊరు తిరిగితే జనం పాడమని పిలుస్తారు. పాడితే కూడు. మాలాంటివాళ్ళ కోసం ఏ డిస్కుల కంపెనీ ఈ ఊరు రాలేదు మావయ్యా. వచ్చేదాకా ఆగితే నాకు నీ వయసొస్తుంది.

ఆ అరిచేవాడు పోకిరీ కాదు, డీజే ఎజినాల్దో. "మహా పొరొరోకా" అనే స్పీకర్ల వేదిక అతనిదే. నువ్వు చూసి తీరాలి. సముద్రం పోటెత్తి నదిని వెనక్కి తరిమేటప్పుడు లేచే అల ఉంటుందే, దాని పేరు ఊరికే పెట్టుకోలేదు. మూడంతస్తుల ఎత్తు స్పీకర్లు, నడుమ అల ఆకారంలో పెద్ద యంత్రం. అది నెమ్మదిగా లేస్తుంది. దాని లోపల నిలబడి అతను పాటలు పెడుతుంటే వేలమంది చేతులెత్తి కళ్ళార్పకుండా చూస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. మన వీధి వెల్డర్లు, మన వీధి కరెంటు పనివాళ్ళు చేసినదే అదంతా, అయినా మనుషులు చేసినట్టు లేదు.

పాట మీద పేర్లు చెప్పడం ఇక్కడ గౌరవం. ఆ సిర్లేనే తన పేరు వినడానికి మధ్యాహ్నమంతా ఎండలో నిలబడి ఉంటుంది. విన్నాక వారం రోజులు చెప్పుకుంటుంది. నువ్వు అప్రాచ్యం అన్నావు!

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద సంగతి. జూన్ 27 ఆదివారం పొరొరోకా కొత్త యంత్రం మొదటిసారి జనం ముందుకొస్తోంది. దాని మీదకెక్కి ఈ పాట పాడేది నేనే. అది కుదిరితే ఏడాదంతా పిలుపులు, బట్టల కొట్టుకి ఒక దండం. కుదరకపోతే నాలాంటి గొంతులు ఈ ఊళ్ళో వీధికి నాలుగున్నాయి, మళ్ళీ నా వంతు ఎప్పటికో.

వరస నీదే, అవును. చిన్నప్పుడు దోనెలో నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తెడ్డు వేస్తూ అదే తీసేవాడివి. నిన్ను అడగలేదు. మనింటి గిన్నె వాడుకోవడానికి ఎవరైనా అడుగుతారా?

చిలకకి ముద్దులు. నీకు దండాలు.

నీ మేనకోడలు,
మర్లూసి


తుకానో పాయ
4 ఏప్రిల్ 2004

అమ్మాయ్ మర్లూసీ,

దేవుడు నిన్ను దీవించుగాక.

ఇంకా నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. అంటే నా అనుమానమే నిజం, నీ నోరు నొక్కేశారు. ఏం భయపడకు. మీ మావయ్య చేతులు ముడుచుకుని కూర్చోలేదు.

నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పని కథ ఒకటుంది. డెబ్భై ఎనిమిదిలో రియో నుంచి ఒక డిస్కుల కంపెనీవాళ్ళు బెలెం వచ్చి గిటారు వాయించేవాళ్ళ కోసం వెతికారు. పడవెక్కి వెళ్ళాను. మా బృందం నాయకుడు వేరే, నేను గిటారు. నా వరస ఒకటి వాయించాను. దాని పేరు "డాల్వా తెడ్డు". పెళ్ళికి ముందు మీ అత్తయ్య అవతలి ఒడ్డు నుంచి దోనెలో వస్తుంటే, మలుపు తిరగకముందే తెడ్డు చప్పుడుని బట్టి తనేనని నాకు తెలిసిపోయేది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. ఆ లెక్క మీదే కట్టాను.

డిస్కు వచ్చింది. అట్ట మీద ఈత బట్టల్లో ఎవరో అమ్మాయి. నాయకుడి పేరు పెద్ద అక్షరాలలో. నా వరస పేరు "వేడి ఇసుక" అని మార్చేశారు. నా పేరు కోసం అట్ట తిప్పీ మళ్ళీ తిప్పీ చూశాను. లేదు. "అచ్చు తప్పు పడి ఉంటుంది" అంది మీ అత్తయ్య. తన పేరు కూడా పోయిందన్న మాట మాత్రం ఎత్తలేదు. ఆవిడ అలాంటిది.

ఇప్పుడు చూడు నా తెలివి. ఆ రోజు కాగితాల మీద సంతకం పెట్టించుకుంటూ వాళ్ళు, "ఇక ఈ వరస కంపెనీ సొత్తు, దీన్ని కాపాడేది మేమే" అన్నారు. మరి తాళం వేసుకున్నవాడే కదా దొంగని పట్టాలి? బ్రెవెస్ వెళ్ళి బడి టీచరు చేత కంపెనీకి ఉత్తరం రాయించాను. "మీరు తీసుకున్న నా వరస మీద నా మేనకోడలు పాట పాడింది. రేవుల్లో కొట్లవాళ్ళూ, పొరొరోకా అనే గోలవాడూ దాన్ని దోచుకుంటున్నారు. అమ్మాయికి అన్యాయం జరగకుండా చూడండి" అని. టీచరమ్మ మంచి కాగితం మీద మిషనుతో కొట్టి ఇచ్చింది. దానితో పాటు రేవు కొట్లో కొన్న డిస్కు కూడా పంపాను, అట్ట మీద అందరి పేర్లూ ఉన్నాయి కనక. కంపెనీవాళ్ళు పెద్దమనుషులు, ఊరుకోరు.

డోనా జిల్దా పడవ ఇంజను బాగుపడిందని విన్నాను. రొయ్యలు ఎండబెట్టి పంపుతున్నాను.

మీ మావయ్య,
అన్సెల్మో


జురూనాస్, బెలెం
12 మే 2004

మావయ్యకి,

కంపెనీవాళ్ళు ఊరుకోలేదు.

వకీలు నోటీసు మూడు చోట్లకి వచ్చింది. నాకు, క్లేబెర్‌కి, ఎజినాల్దోకి. "వేడి ఇసుక" అనే వరస తమదనీ, అనుమతి లేకుండా దాని మీద పాట కట్టామనీ, వెంటనే ఆపకపోతే కోర్టుకి లాగుతామనీ. క్లేబెర్ వాళ్ళమ్మ దాన్ని చదివించుకుని, పరుపులన్నీ గోడల మీద నుంచి పీకి మంచాల మీద పడేసింది. ఎజినాల్దో నన్ను పిలిచి, "చెల్లీ, యంత్రం అప్పు ఇంకా నా నెత్తి మీదే ఉంది. వాళ్ళు దాని మీద చెయ్యి వేస్తే నేను ఏట్లో దూకాలి. ఈ పాట వద్దు" అన్నాడు. నాకు బదులు ఇంకో అమ్మాయిని చూసుకుంటాడట.

కోర్టు దగ్గర పేదవాళ్ళకి ఊరికే సలహా చెప్పే వకీలమ్మ దగ్గరికి వెళ్ళాను. "వరస మా మావయ్యదమ్మా" అన్నాను. "ఎవరు కట్టారని కాదమ్మా వాళ్ళడిగేది, ఎవరికి రాసిచ్చారని" అంది. ఆ డిస్కు ఇప్పుడు ఎక్కడా దొరకదట. వాళ్ళు అచ్చు వెయ్యరు, ఇంకొకర్ని వెయ్యనివ్వరు. బీరువాలో పెట్టి తాళం వేసుకుని కూర్చున్నారు.

డిస్కులు వెనక్కి ఇమ్మని సంతలో బండ్లవాళ్ళనీ అడిగాను, నోటీసులో అలా ఉంది కనక. పగలబడి నవ్వారు. "ఏ డిస్కు వెనక్కి తేవాలి తల్లీ? ఏ పడవలోంచి?"

వీళ్ళందరి పేర్లూ రియోలో ఎవరో వకీలుకి ఎలా తెలిశాయా అని రాత్రింబవళ్ళు తల బద్దలు కొట్టుకున్నాను. అప్పుడు నీ ఏప్రిల్ ఉత్తరం, పడవ మళ్ళీ ఆగిపోయి ఇన్నాళ్ళకి, చేతికొచ్చింది, ఎండు రొయ్యలతో పాటు.

అడగకుండా వాడుకున్నానని నీకు కష్టంగా ఉంటే నన్ను తిట్టాల్సింది. పడవెక్కి వచ్చి రెండు తగిలించాల్సింది. నా మీద ఊరు కాని ఊరికి ఫిర్యాదు రాస్తావా? నువ్వా, మావయ్యా?

మర్లూసి


తుకానో పాయ
20 మే 2004

అమ్మాయ్ మర్లూసీ,

దేవుడు నిన్ను దీవించుగాక. నీ ఉత్తరంలో నువ్వు దీవెన అడగలేదు. పైనా కిందా వెతికాను, కాగితం తిప్పి కూడా చూశాను. నువ్వు మాటలు నేర్చిన రోజు నుంచీ ఒక్కసారీ అడగకుండా ఉండలేదు. అడగకపోయినా ఇస్తున్నాను, తీసుకో.

నీ మీద ఫిర్యాదు చెయ్యలేదు తల్లీ. నిన్ను కాపాడమని కదా రాయించాను! నీ ఏప్రిల్ ఉత్తరం, నా ఉత్తరం ఏట్లో ఎక్కడో ఎదురుపడి పక్కపక్క నుంచే పోయి ఉంటాయి. నీది వచ్చి చదివేసరికి నాది వెళ్ళిపోయింది. ఈ సంగతి నీకు రాయడానికి మొహం చెల్లక అప్పటి నుంచీ అన్నం సయించడం లేదు. టీచరమ్మ కూడా ఏడ్చింది పాపం.

నీకు ఇంకొకటి చెప్పాలి. నిన్న గుండె బరువెక్కి, పాట అందరి నోటా ఆగిపోయిందేమో చూద్దామని దోనె వేసుకుని పై పాయల వైపు పోయాను. పడవలు కూడా దూరని సన్న పాయలు అవి. స్పీకరు మాట అటుంచు, అక్కడ కరెంటు ముక్క లేదు. ఒక ఇంటి ముందు ఒకావిడ కర్రపెండలం రవ్వ వేయిస్తూ నీ పాట పాడుతోంది. "ఎక్కడ నేర్చావమ్మా?" అన్నాను. "ఎక్కడేమిటి, ఇక్కడే ఉందిగా" అంది, గాలిని చూపించినట్టు చెయ్యి తిప్పుతూ. ఇంకొంచెం పైకి పోతే ఒక ముసలాయన వల బాగుచేస్తూ ఈల వేస్తున్నాడు, మాటలు రావు, వరస మాత్రం తప్పలేదు. నేను తెడ్డు వెయ్యడం మానేసి దోనెని అలా వదిలేశాను. ఆ వరస నా వేళ్ళ లోంచి పుట్టిందా, లేక ఈ నీళ్ళలోనే ముందు నుంచీ ఉంటే నేను తీసుకున్నానా అనిపించింది. నాకు భయం వేసింది మర్లూసీ, గుడిలో వేసే మంచి భయం లాంటిది.

దీన్ని ఏ నోటీసు ఆపుతుంది? కానీ నీ ఆదివారాన్ని ఆపుతుంది. అదే నా బాధ.

అందుకని విను. వాళ్ళ బీరువాలో ఉన్నది ఒక వరసే. మీ అత్తయ్య తెడ్డు నా వైపు వచ్చేటప్పటి చప్పుడు అది. సాయంత్రం అయ్యాక తను తిరిగి వెళ్ళేది కదా, అప్పటి చప్పుడు వేరు. ఒకటి గట్టిగా, రెండు మెల్లగా, మలుపు దగ్గర ఆగి మళ్ళీ ఒకటి. తను పోయాక దాని మీద ఒక వరస కట్టాను. ఎవరికీ వినిపించలేదు. చిలకకి కూడా, ఎందుకంటే అది మళ్ళీ నాకే వినిపిస్తుంది. ఆ వరస ఎవరికీ రాసివ్వలేదు. నీ మాటలు దాని మీద కూర్చుంటాయి, నిన్న దోనెలో పాడి చూశాను. కొంచెం ఏడుపు వస్తుంది, అయినా కాళ్ళు ఆడతాయి. దానికి పేరు మాత్రం పాతదే. "వేడి ఇసుక" వాళ్ళది. "డాల్వా తెడ్డు" అన్న పేరు వాళ్ళ కాగితాల్లో ఎక్కడా లేదు, వాళ్ళే తీసి పారేశారు.

గిటారు ప్లాస్టిక్ సంచీలో చుట్టి, వచ్చే నెల మొదటి పడవకి వస్తున్నాను. రావద్దన్నా వస్తాను. పరుపులు మళ్ళీ గోడకి ఆనించమని క్లేబెర్ తల్లికి నా దండాలు చెప్పు.

మీ మావయ్య,
అన్సెల్మో


జురూనాస్, బెలెం
28 జూన్ 2004

మావయ్యా, దీవించు. మావయ్యా, దీవించు. మే నెలలో మింగేసినదానికి కూడా కలిపి రెండుసార్లు.

సోమవారం పొద్దున్నే రాస్తున్నాను. కొట్టు తెరవడానికి ముందే డోనా జిల్దా పడవకి అందించాలి. గొంతు పోయింది, చెయ్యి మాత్రం ఉంది.

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. క్లేబెర్ వాళ్ళమ్మ ఇంకా ఫ్రిజ్ ఆపినప్పుడల్లా, "మీ మావయ్య వాయిస్తాడేమోనని చూస్తున్నానే" అంటోంది. నువ్వు ఆ వరస మొదటిసారి తీసినప్పుడు ఆవిడ ఉల్లిపాయలు తరగడం ఆపి గుమ్మంలో నిలబడిపోయింది, గుర్తుందా? క్లేబెర్ అయితే దరువు కలపడం మరిచిపోయి కూర్చున్నాడు. అది విన్నాకే కదా ఎజినాల్దో మళ్ళీ నన్నే పాడమన్నాడు. సెయింట్ పీటర్ పడవల ఊరేగింపుకి వాయిస్తానని మాటిచ్చావు కనక నిన్ను ఆపలేదు. నిజం చెప్పు, పొరొరోకా స్పీకర్లు ఒక్కసారి పరీక్ష చేసినప్పుడు గుండె పట్టుకున్నావు చూడు, అందుకే కదూ శుక్రవారం పడవెక్కి పారిపోయావు?

నిన్నటి సంగతి. మూడింటికి ఎండ మండుతుండగా తెర తీశారు. మావయ్యా, అల లేచింది! నీలం రేకుల కింద దీపాలు వెలిగి, ఏరే లేచి నిలబడ్డట్టు. కింద ఎంతమందో నాకు తెలియదు, నేల కనపడలేదు. ఐసు ఫ్యాక్టరీ కుర్రాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కారు. నేను యంత్రం కొసన నిలబడి ఉన్నాను, కాళ్ళ కింద ఇనుము వణుకుతోంది. క్లేబెర్ గదిలో పట్టిన నీ గిటారు మొదలైంది. ఒకటి గట్టిగా, రెండు మెల్లగా. అత్తయ్య మలుపు దగ్గర ఆగే చోట పాట ఆగింది కదా, ఆ ఒక్క క్షణం అంతమంది గాలిలో కాలెత్తి ఆగిపోయారు. అంతమంది! ఎవరూ చెప్పకుండానే. మళ్ళీ తెడ్డు పడగానే అందరూ ఒకేసారి దిగారు. నాకు ఆ క్షణం ఇంకా వదలడం లేదు. నేను పాడానో, నా లోంచి ఎవరైనా పాడారో తెలియదు.

అప్పుడే మూడు చోట్ల నుంచి పాడమని పిలుపులు. బట్టల కొట్టుకి ఈ వారమే దండం.

ఇక చెప్పడానికి నోరు రాని మాట. క్లేబెర్ గదిలో నువ్వు మైకు ముందు నిలబడి, టోపీ తీసి చెప్పిన మాటలు ఉన్నాయి చూడు. "నా పేరు అన్సెల్మో. మాది తుకానో పాయ. ఇది మా ఆవిడ డాల్వా తెడ్డు చప్పుడు. ఎవరైనా కాపీ చేసుకోండి, పాడుకోండి, మార్చుకోండి. మా పేర్లు మాత్రం చెప్పండి." వకీలమ్మ కూడా విని, "ఈ వరస ఎవరికీ రాసివ్వలేదు కనక ఆయనదే, ఆయన ఎలా ఇమ్మంటే అలా. ఇంతకంటే నేనేం రాయను" అంది కదా. ఎక్కేముందు ఎజినాల్దో నాతో, "ముసలాయన మాటలు బాగున్నాయి చెల్లీ, కానీ అంతసేపు జనం కాళ్ళు చల్లబడిపోతాయి. గిటారు నుంచే పెడతా" అన్నాడు. దెబ్బలాడాను. ఇంతలో వైర్లు లాగేవాళ్ళు నన్ను పైకి తోసేశారు. ఒప్పేసుకున్నాను మావయ్యా. పైన నిలబడితే నా గొంతూ దరువూ తప్ప ఇంకేం వినపడదు, అతనేం అరిచాడో కూడా నాకు తెలియదు.

నీ మాటలున్న డిస్కు బండ్లవాళ్ళకి ఇచ్చాం. కానీ జనం ఎగబడి కొనేది నిన్న అక్కడ పట్టిన డిస్కే, వాళ్ళ పేర్లు అందులో ఉంటాయి కనక. పడవల మీద తిరిగేదీ అదే. అందులో అందరి పేర్లూ ఉంటాయి, నీది తప్ప. ఒకసారి అట్ట మీద పేరు లేకుండా వాళ్ళు చేశారు, రెండోసారి నేనే చేశాను. నన్ను తిట్టు. కానీ దీవించు.

నీ మేనకోడలు,
మర్లూసి


తుకానో పాయ
4 జూలై 2004

అమ్మాయ్ మర్లూసీ,

దేవుడు నిన్ను దీవించుగాక. రెండుసార్లు అడిగావు కనక రెండోది కూడా, దేవుడు నిన్ను దీవించుగాక.

స్పీకర్లకి భయపడి పారిపోయానంటావా? పారిపోయాను. ఒప్పుకున్నాను, ఇక ఆ మాటెత్తకు. ఊరేగింపు బాగా జరిగింది. సెయింట్ పీటరు విగ్రహం ఉన్న పడవ ఇసుకలో దిగబడితే ఊరంతా దిగి తోశాం.

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. చదివి నవ్వుకున్నాను. ఎందుకంటే నువ్వు దిగులు పడుతున్న ఆ డిస్కు నీ ఉత్తరం కంటే ముందే ఇక్కడికి వచ్చింది. అన్నీ నీకంటే ముందే వస్తాయి, ఈ పాయ అలవాటే అంత.

నిన్న ఎండ దిగాక రేవు మెట్ల మీద బుట్టలు కడుగుతున్నాను. బ్రెవెస్ పడవ మలుపు అవతల ఉండగానే గిటారు వినపడింది. ఒకటి గట్టిగా, రెండు మెల్లగా. ఎవరో తెడ్డు వేసుకుంటూ వెళ్ళిపోతున్నట్టే ఉంది, కానీ వెళ్ళడం లేదు, వస్తోంది. చిలక ఇంట్లోంచి కేక పెట్టింది. ఎదుటి ఇంటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. నువ్వు ఎత్తుకున్నావు. అడవి నీతో గొంతు కలిపింది.

ఆ తర్వాత మీ ఎజినాల్దో మొదలుపెట్టాడు. వేలమంది కేకల మీదుగా, "ఐసు ఫ్యాక్టరీ కుర్రాళ్ళకి పొరొరోకా నమస్కారం! ఇవాళ పుట్టినరోజు చేసుకుంటున్న వెరూస్కాకి నమస్కారం!" నాకు అలవాటుగా ఒళ్ళు మండింది, ఉమ్మేద్దామని అటు తిరిగాను. అప్పుడన్నాడు:

"తుకానో పాయ నుంచి అన్సెల్మో! ఎక్కడున్నావు పెద్దాయనా? ఈ వరస నీది! చేతులెత్తండ్రా అందరూ! డాల్వమ్మా, నీ తెడ్డు బెలెం దాకా వచ్చిందమ్మా!"

నువ్వు పైన ఉండి వినలేదు తల్లీ. అతను నా మాటలు తీసేశాడు, నిజమే. పేర్లు మాత్రం తనే చెప్పాడు, నేను చెప్పిన దానికి వెయ్యి రెట్లు గట్టిగా. ఆ వేలమంది నాకేసి అరిచిన అరుపు ఆ డిస్కులో ఉంది. మీ అత్తయ్య పేరు పాయ మీదుగా వచ్చి అవతలి ఒడ్డుకి తగిలి, తను దోనె కట్టుకునే చోటికి తగిలి, తిరిగి నా దగ్గరికి వచ్చింది. అచ్చు తప్పు పడి ఉంటుంది అందే, ఆ పిచ్చిది వినాల్సింది.

నేనేం చేశానో ఎవరికీ చెప్పకు. పడవ సరిగ్గా నా రేవు ముందుకి వచ్చింది. అతను ఎక్కడున్నావు అని అడిగాడు కదా, జవాబు చెప్పకపోతే మర్యాద కాదనిపించింది. బుట్ట పక్కన పెట్టి, టోపీ తీసి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఇక్కడే ఉన్నానయ్యా! ఇద్దరం ఇక్కడే ఉన్నాం!"

మీ మావయ్య,
అన్సెల్మో